చుట్టాలి

"మూడువేల అయిదువందల కేవీ" అన్నాను.

ఆమె చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టింది. నా మొహం చూసింది. తరవాత నా అరచేతిలో ఉన్న మోటారును చూసింది. అది నిమ్మకాయకి ఎక్కువ, నారింజకి తక్కువ.

"ఎంతా?"

"మూడువేల అయిదువందలు."

"కేవీనా?"

"కేవీనే."

"నాన్నా!" అని లోపలికి కేకేసింది. "ఒకాయన మూడువేల అయిదువందల కిలోవోల్టుల మోటారు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. మనం రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడదామా?"

లోపల పంపు మోటారు విప్పుతున్న పెద్దాయన తలెత్తలేదు. "పెద్ద టవర్ల మీద లైన్లలో కూడా అంత ఉండదమ్మా. ఇంకోసారి చూసుకోమను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం భోజనం మానేసి, రెండు వీధులు దాటి, "మోటారు వైండింగ్" అన్న బోర్డు వెతుక్కుంటూ వచ్చింది వీళ్ళ చేత నవ్వించుకోవడానికి కాదు.

"కిలోవోల్టులు కాదండీ. ఒక్క వోల్టు ఇస్తే ఈ మోటారు నిమిషానికి మూడువేల అయిదువందల సార్లు తిరుగుతుంది. ఆ లెక్కకే కేవీ అని పేరు."

"ఎవరు పెట్టారా పేరు?"

"నేనైతే పెట్టలేదు."

"పెట్టినవాడు కనిపిస్తే చెప్పండి, కరెంటు పనివాళ్ళకి గుండె ఆగిపోతుందని." మోటారు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాల్చేశారు. శుభ్రంగా మాడిపోయేదాకా కాల్చారు. ఇంతకీ ఇది దేనిది?"

"లారీది."

ఈసారి పెద్దాయన కూడా నవ్వాడు.

చెప్పుకోవాలిగా, చెప్పాను. నిజం లారీలో పద్నాలుగో వంతు బొమ్మ లారీ. రిమోట్‌తో నడుస్తుంది. రాళ్ళూ గుట్టలూ ఎక్కే రకం కాదు, నున్నటి రోడ్డు మీదే పరుగెత్తాలి. ఊళ్ళోని పెద్ద దుకాణం తెరవకముందు, ఆదివారం పొద్దున్నే దాని కార్ పార్కింగ్‌లో మా క్లబ్బు పందేలు పెడుతుంది. రెండేళ్ళుగా ఒక పళ్ళ డాక్టరే గెలుస్తున్నాడు. ఈసారి గెలవాలని బొమ్మ కార్లకి వేసే వేగం మోటారు తెచ్చి నా లారీకి వేశాను. కారు బరువు కిలోన్నర. నా లారీ నాలుగు కిలోలు. నాలుగో నిమిషంలో పొగ వచ్చింది. ఆ మోటారు ఇప్పుడు ఊళ్ళో దొరకడం లేదు, కొత్తది తెప్పిస్తే నెలన్నర పడుతుంది, పందెం మూడు వారాల్లో ఉంది.

"అంకె పెద్దదని తెచ్చారన్నమాట" అంది ఆమె.

"అంతే అనుకోండి."

పెద్దాయన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అందరూ ఆయన్ని మేస్త్రిగారు అంటారని తరవాత తెలిసింది. మోటారును వేలితో తిప్పి చూసి నా చేతిలో పెట్టేశాడు.

"ఇందులో బ్రష్‌లు ఉండవు బాబూ. ఈ కొత్త రకాలు చుట్టే పని కాదు. కాలితే పారేయడమే."

"నేను చుడతాను" అంది ఆమె.

"నీ వేలు కూడా దూరదు అందులో."

"పుల్ల దూరుతుంది."

"అమ్మాయ్, ఆ ఫోన్ కవర్ల షాపతను ఈ షాపు షట్టరు ఇచ్చెయ్యమని రోజూ తిరుగుతున్నాడు. పంపు మోటార్లు తగ్గిపోయాయి. ఇప్పుడొచ్చేవన్నీ ఇలా పారేసేవే. ఇందులో నీకేం మిగులుతుంది? హాయిగా ఆ ఫ్యాన్ల కంపెనీలో చేరు."

"అదే నేనూ చెప్తున్నా. ఇప్పుడొచ్చే కరెంటు బళ్ళన్నిటిలో ఇలాంటివే ఉన్నాయి. వీటిని చుట్టేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. మనం చుడితే అందరూ మన దగ్గరికే వస్తారు."

వాళ్ళిద్దరూ ఈ మాటలు మొదటిసారి అనుకోవడం లేదని నాకు అర్థమైంది. మధ్యలో నా మోటారు అడ్డం పడిందంతే. నేను మెల్లగా జారుకుందామని చూశాను గానీ, ఆమె నా మోటారు ఇవ్వలేదు.

మేస్త్రిగారు గడ్డం గోక్కున్నాడు. "సరే. చుట్టు. ఈయన పందెంలో కాలకుండా గీత దాటిందా, షట్టరు నీది, నేను నోరెత్తను. కాలిందా, సోమవారం కవర్లవాడికి సంతకం పెట్టేస్తాను. నువ్వు ఫ్యాన్ల కంపెనీకి వెళ్తావు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను."

నన్నెవరూ అడగలేదు.

ఆమె ఒక అట్టముక్క తీసి పెన్సిల్‌తో రాసి, దారంతో మోటారుకి కట్టింది. ఆ షాపులో ప్రతి మోటారుకీ అలాంటి చీటీ వేలాడుతోంది. పైన ఎవరిదో, కింద ఏం పనో. నా చీటీ మీద పైన "కేవీ" అని ఉంది.

"నా పేరు అడగరా?"

"అక్కర్లేదు. ఇంకో కేవీ ఈ షాపుకి రాడు."

కింద ఉన్న మాట చదివి నాకు నవ్వొచ్చింది. "చుట్టాలు అని రాశారేంటండీ? అప్పుడే మనం చుట్టాలమైపోయామా?"

"మీరేం పని చేస్తారు?"

"కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను."

"ఏ షాపో చెప్పండి, ఆ వైపు వెళ్ళకుండా ఉంటాను. అది కొమ్ము కాదు, గుడి. చుట్టాలి. తీగ చుట్టాలి అని."

నేను బయటికొచ్చి సగం వీధి నడిచాక, దానికి జవాబుగా చెప్పాల్సిన మాట ఒకటి తట్టింది. అప్పటికి ఏం లాభం?

*

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. మోటారు ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికే. నిజంగా.

ఆమె మాడిన తీగ ముక్కలు ముక్కలుగా పీకి కాగితం మీద వరసగా పెట్టింది. ఖాళీ అయిన ఇనప రింగు లోపలివైపు పన్నెండు పళ్ళు కనిపిస్తున్నాయి.

"పంటికి నాలుగు చుట్లు ఉన్నాయి" అంది. "మీకు వేగం కావాలా, మోటారు కావాలా?"

"రెండూ."

"అందరూ అదే అంటారు. బ్యాటరీలో ఎన్ని సెల్లులు?"

"రెండు. ఏడు పాయింట్ నాలుగు వోల్టులు."

"మూడు పెడితే మీ క్లబ్బు ఒప్పుకోదా?"

"ఒప్పుకుంటుంది."

"మీ కంట్రోలరు తట్టుకోదా?"

"మూడు దాకా తట్టుకుంటుంది."

"మరి రెండు పెట్టి ఎందుకు చంపారు దీన్ని?"

నేను తల గోక్కున్నాను. ఆమె ఒక అట్టముక్క నా వైపు తోసింది. "ఏడు పాయింట్ నాలుగుని మూడువేల అయిదువందలతో హెచ్చవేయండి."

వేశాను. ఇరవై అయిదువేల తొమ్మిదివందలు వచ్చింది.

"ఇప్పుడు నేను పంటికి నాలుగు బదులు ఆరు చుట్లు చుడతాను. చుట్లు పెరిగితే మీ కేవీ తగ్గుతుంది. రెండువేల మూడువందల ముప్ఫై మూడు అవుతుంది. దాన్ని మూడు సెల్లుల పదకొండు పాయింట్ ఒకటితో హెచ్చవేయండి."

వేశాను. ఇరవై అయిదువేల తొమ్మిదివందలే. దానికి ఓ మూడో నాలుగో తక్కువ.

"వేగం అదే. లాగే కరెంటు మాత్రం మూడింట రెండు వంతులు. తీగెలు కాగవు, కంట్రోలరు కాగదు. ఇంకో మాట. మోటారు మీదున్న చిన్న గేరుకి రెండు పళ్ళు తక్కువది వేయండి. నాలుగు కిలోల బండిని పెద్ద గేరుతో లాగమంటే ఏ మోటారైనా ఏడుస్తుంది."

"అప్పుడు వేగం తగ్గుతుంది కదా?"

"మొన్న నాలుగో నిమిషంలో పొగ వచ్చాక ఎంత వేగంతో వెళ్ళారు?"

మూడేళ్ళుగా కేవీ కేవీ అని కొట్టుకున్నవాణ్ణి, ఒక్కసారి కూడా ఈ లెక్క వేసుకోలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకేదో కూడా వేసింది గానీ, దాని పేరు అప్పుడే ఒప్పుకోవాలనిపించలేదు.

"బ్యాటరీ ఏది కొంటారు?" అని అడిగింది.

"మూడు సెల్లులవి రెండున్నాయి. మూడువేల మూడువందల ఎంఏహెచ్‌ది తేలిక, కానీ త్వరగా అయిపోతుంది. అయిదువేలది బరువు."

"ఆఖరి పందెం ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"అయిదువేలది తెండి. బరువైనా సరే."

"సరే" అన్నాను. ఈ "సరే" తరవాత నా మెడకి చుట్టుకుంది.

*

ఆ వారమంతా మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. వెదురుపుల్ల కొసతో తీగను పంటి సందులోకి నొక్కుతూ, ఒక్కో చుట్టూ పెదవులతో లెక్కపెడుతూ పనిచేసేది. నేను పక్క స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. చూసేది మోటారునా, ఆమెనా అంటే చెప్పలేను. రెండూ ఒకే చోట ఉండేవి.

గురువారం నాడు నోరు జారాను.

"ఏడో పంటికి ఏడు చుట్లు పడ్డాయండీ."

పుల్ల ఆగింది. "నా చుట్లు లెక్కపెడుతున్నారా?"

"లెక్కపెట్టలేదు. కనిపించాయి."

"మొన్న గుడి కనిపించలేదు, ఇవాళ చుట్లు కనిపించాయా?"

"కావాలంటే చూసుకోండి."

రింగును కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పట్టుకుంది. కళ్ళు చిట్లించింది. చివరికి సూదితో ఒక్కొక్కటే కదిపి లెక్కపెట్టింది. ఏడే. అప్పటిదాకా చుట్టిందంతా విప్పాల్సి వచ్చింది. నా వైపు వీపు తిప్పుకుని విప్పడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేస్తుంటే లోపల్నించి మేస్త్రిగారు, "రేపు రావా కేవీ?" అన్నాడు. ఆ ఇంట్లో అందరికీ నేను కేవీనే అయిపోయాను.

మర్నాడు స్కేలు, అద్దాల పెట్టె పట్టుకుని వెళ్ళాను.

"మీరు తీగని ఎంత దూరంలో పట్టుకుని చుడతారు?"

"చేతికి ఎంత దూరం ఉంటే అంత."

"పట్టుకోండి, కొలుస్తాను."

"నాకు కళ్ళు బాగానే ఉన్నాయి."

"దూరం బాగానే కనిపిస్తుంది. దగ్గర పనికి మాత్రం కళ్ళు అలిసిపోతున్నాయి. అందుకే మధ్యాహ్నం దాటితే తప్పులు పడుతున్నాయి. మీ పని మీకు తెలిసినట్టు నా పని నాకు తెలుసు."

ఏమనుకుందో, పట్టుకుంది. ఇరవై రెండు సెంటీమీటర్లు. పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి ఆమె కళ్ళ ముందు పెట్టి చూపించాను. శనివారానికల్లా కళ్ళజోడు చేసి ఇచ్చాను. సరిగ్గా ఆ ఇరవై రెండు సెంటీమీటర్లకే నా చేత్తో అరగదీసిన అద్దాలు.

పెట్టుకుని రింగులోకి చూసింది. "అమ్మో! తీగ మీద గీత కూడా కనిపిస్తోంది." అలాగే తలెత్తి నన్ను చూసింది. "మీరు మాత్రం మసగ్గా ఉన్నారు."

"దూరంగా ఉన్నాను కాబట్టి. దగ్గరికొస్తే తేటగా కనిపిస్తాను."

"ఎంత దగ్గరికి?"

"ఇరవై రెండు సెంటీమీటర్లు."

అనేశాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గబుక్కున తల వంచేసి తీగ వెతుక్కుంది. లోపల మేస్త్రిగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

ఆ సాయంత్రం మా వదిన నా చొక్కా వాసన చూసి, "వార్నిష్ వాసన. కళ్ళద్దాలకి వార్నిష్ ఎప్పణ్ణించి పూస్తున్నారు మరిదిగారూ?" అంది.

"మోటారు బాగుచేయించుకుంటున్నాను వదినా."

"వారం రోజులుగానా? రైలింజనా?"

*

పందెం ఆదివారం పొద్దున్నే ముసురు పట్టి, ఎనిమిదింటికి వదిలింది. పార్కింగ్ అంతా మా వాళ్ళు చీపుళ్ళతో నీళ్ళు తోశారు. ఆరు లారీలు. ముందు అయిదు నిమిషాల తొలి పరుగు, తరవాత పది నిమిషాల ఆఖరి పందెం.

మేస్త్రిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె జేబులో కళ్ళజోడు, చేతిలో వేడి కొలిచే మీటరు.

తొలి పరుగు మొదలైంది. నా వేలు ట్రిగ్గరు మీద ఉంది గానీ, నా ఆలోచనంతా ఆ పన్నెండు పళ్ళ మీదే ఉంది. ఇది కాలితే సోమవారం ఆమె షాపు పోతుంది. నా చేత్తో పోతుంది. ట్రిగ్గరు సగానికి మించి నొక్కలేకపోయాను. పళ్ళ డాక్టరు లారీ నన్ను రెండుసార్లు దాటిపోయింది. అయిదో స్థానంలో గీత దాటాను.

ఆనందంగా లారీ ఎత్తుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. మీటరు పెట్టింది.

"నలభై రెండు" అంది.

"చూశారా! చల్లగా ఉంది!"

"చల్లగా ఉండక చస్తుందా? అసలు నడిపితే కదా!" మీటరుని నా మొహం ముందు ఊపింది. అది కోపమని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. "సగం ట్రిగ్గరు. నేను మీ వేలే చూస్తున్నాను."

"మీ మోటారు కాలిపోకూడదనే కదా..."

"అంటే కాలిపోతుందనుకున్నారు."

"అలా కాదు..."

"మరెలా? మా నాన్న ఏమన్నాడో తెలుసా? 'ఇలా తోసుకెళ్తే కాలిన మోటారు కూడా గీత దాటుతుందమ్మా' అన్నాడు. ఆయన నా పనిని నమ్మడు, సరే, ముప్ఫై ఏళ్ళు తన చేత్తోనే చుట్టిన అలవాటు. మీరు పక్కన కూర్చుని ప్రతి చుట్టూ చూశారు. ఏడో చుట్టు పడితే పట్టుకున్నారు. మీరు కూడా నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

ఆమెని కాపాడుతున్నానని అనుకున్నాను. నిజానికి నేను చేసింది ఆమె పరువు తీయడం.

"ఆఖరి పందెంలో పూర్తిగా నొక్కుతాను" అన్నాను.

"కాలినా సరే?"

"కాలదు."

ఆ మాటకి ఆమె నా వైపు చూసింది. మీటరు జేబులో పెట్టేసుకుంది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. తొలి పరుగులో బ్యాటరీ ఎంత తిన్నదో చూశాను. అయిదు నిమిషాలకి పన్నెండువందలు. అంటే పది నిమిషాలకి రెండువేల నాలుగువందలు. అలాంటప్పుడు అయిదువేల బ్యాటరీ మోయడం దేనికి? ఎందుకైనా మంచిదని దాంతో పాటే కొన్న మూడువేల మూడువందలది వేస్తే బండి తేలికవుతుంది, డాక్టరుని పట్టుకోవచ్చు. ఎవరికీ చెప్పకుండా బ్యాటరీ మార్చేశాను. ఆ పన్నెండువందలు సగం ట్రిగ్గరు లెక్కని నా బుర్రకి తట్టలేదు.

ఆఖరి పందెం. జెండా ఊపగానే పూర్తిగా నొక్కాను.

లారీ కదిలిన తీరు చూసి నేనే బెదిరిపోయాను. పాత మోటారులా ఎగిరిపడలేదు. బరువంతా కూడగట్టుకుని, ఒకే ఊపున వెళ్ళింది. మూడో నిమిషానికి మూడో స్థానం. నాలుగో నిమిషం వచ్చింది. నాకు తెలియకుండానే పొగ కోసం చూశాను. పొగ లేదు. ఆరో నిమిషంలో రెండో స్థానం. ఎనిమిదో నిమిషంలో మూల మలుపు దగ్గర పళ్ళ డాక్టరుని దాటేశాను. రెండేళ్ళలో మొదటిసారి నా ముందు ఎవరూ లేరు. "ఏయ్ కేవీ!" అని ఎవరో అరిచారు. చూస్తే మేస్త్రిగారు!

చివరి చుట్టు. గీత ఇంకా పది అడుగులుందనగా లారీ ఆగిపోయింది.

ట్రిగ్గరు నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. కొంచెం వణికి ఆగింది. డాక్టరు లారీ పక్కనుంచి వెళ్ళిపోయింది. ఇంకోటి వెళ్ళింది. మేస్త్రిగారు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు. ఆమె మొహంలో రక్తం లేదు.

లారీ కిటికీలోంచి కంట్రోలరు మీది ఎర్ర లైటు మిణుకుమంటూ కనిపిస్తోంది. అది మోటారు కాలినప్పటి లైటు కాదు. బ్యాటరీ అయిపోయినప్పటిది.

"మోటారు కాదు!" అని అరిచాను. "బ్యాటరీ! నేను మార్చేశాను! చిన్నది వేశాను!"

అంతమందిలో ఆ మాట అరవడానికి సిగ్గేయలేదు. ఆమె మోటారు మీద పడ్డ నింద పోవాలి, అంతే.

ఆమె పరుగెత్తుకుంటూ నా పక్కకి వచ్చింది. "వేలు తీసేయండి! నొక్కకండి!"

"టైము అయిపోతోంది..."

"తీయండంటుంటే! అలిసిన బ్యాటరీని ఊపిరి తీసుకోనివ్వాలి. ఇరవై లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. జీవితంలో అంత పొడుగు ఇరవై ఎప్పుడూ లేదు. ఆమె కూడా పెదవులతో లెక్కపెడుతోంది, చుట్లు లెక్కపెట్టినట్టే.

"ఇప్పుడు మెల్లగా. చాలా మెల్లగా."

"ఇందాక మెల్లగా నడిపినందుకేగా తిట్టారు!"

"అది ఇందాక. ఇది ఇప్పుడు. కబుర్లు ఆపి నడపండి!"

ట్రిగ్గరుని వెంట్రుకవాసి నొక్కాను. లారీ కదిలింది. అడుగు. రెండడుగులు. ఆగబోయింది, వేలు వదిలాను, మళ్ళీ అందుకున్నాను. నాలుగోవాడి లారీ మలుపు తిరిగి వెనకాలే వస్తోంది. ఆరు. ఎనిమిది. నా లారీ ముందు చక్రం గీత మీదకి ఎక్కింది, దాటింది, అక్కడే ఆగిపోయింది. మూడో స్థానం.

మేస్త్రిగారు ఎవరినీ పట్టించుకోకుండా నడుచుకుంటూ వెళ్ళి, లారీ పైకప్పు ఎత్తి, మోటారుకి చేతి వెనకవైపు ఆనించాడు. వంగి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె మీటరు తీయబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"బాగా వేడెక్కింది" అన్నాడు. "కాలలేదు. వార్నిష్ కూడా కమరలేదు." లేచి నడుము పట్టుకున్నాడు. "నేను చుట్టినా ఇంతే. బహుశా ఇంత బాగా రాకపోవచ్చు."

ఆమె చటుక్కున అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందంది. వాన పడిన నేల మీద దుమ్మెక్కడిదో నేను అడగలేదు.

*

ముసురు మళ్ళీ మొదలైంది. సామాను సర్దుకుని అందరూ దుకాణం పంచన నిలబడ్డారు. మేము ఇద్దరం కొంచెం ఇవతలగా.

"బ్యాటరీ ఎందుకు మార్చారు?"

"గెలవాలని. మీకు చెప్పి మార్చాల్సింది. తప్పు నాదే."

"మార్చకపోతే గెలిచేవారు."

"తెలుసు."

"అందరి ముందూ అరిచి చెప్పక్కర్లేదు కదా? బ్యాటరీ పాడైందంటే సరిపోయేది."

"అప్పుడు కూడా మీ మోటారే ఎక్కువ తినేసిందని అనుకునేవాళ్ళు." వానను చూస్తూ చెప్పడం తేలిక అని వాననే చూశాను. "రెండేళ్ళుగా ఈ పందెం గెలవాలని నాకు పిచ్చి. ఇవాళ ఆగిపోయినప్పుడు గెలుపు గురించి ఆలోచనే రాలేదు. మీ షట్టరు గురించే వచ్చింది. నాకు మీరంటే ఇష్టం. మోటారు బాగైపోయింది కాబట్టి రేపటినుంచి మధ్యాహ్నాలు రావడానికి నా దగ్గర వంక లేదు. అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను."

ఆమె జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. నా వైపు తిరిగింది.

"మసగ్గా ఉన్నారు" అంది.

నేను ఒక అడుగు దగ్గరికి వేశాను.

"ఇంకా."

ఇంకో అడుగు వేయబోతుంటే మేస్త్రిగారి దగ్గు వినిపించింది. ఆ దగ్గుకి మందు ఎక్కడా దొరకదు.

"పెన్సిలుందా కేవీ?" అంటూ వచ్చాడు. ఆయన చేతిలో షాపు నుంచి మోటారు పెట్టి తెచ్చిన పెట్టె, మోటారు నుంచి విప్పి దానికి కట్టిన చీటీ. క్లబ్బు వాళ్ళ పెన్సిల్ తెచ్చి ఇచ్చాను. పెట్టె మీద చీటీ ఆనించి ఏదో గీకాడు.

"ముప్ఫై ఏళ్ళనుంచి షాపు నడుపుతున్నాను" అన్నాడు రాస్తూనే. "మోటారు ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి రోజూ అన్నం మానేసి వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ?"

"అన్నయ్య, వదిన."

"ఊఁ" అన్నాడు. పెట్టె నా చేతిలో పెట్టి, గొడుగు విప్పుకుని, "సోమవారం కవర్లవాడు వస్తే ఏం చెప్పాలో నువ్వే చెప్పుకో అమ్మాయ్, షట్టరు నీది" అంటూ వానలోకి దిగిపోయాడు.

చీటీ చూశాను. పైన "కేవీ" అలాగే ఉంది. కింద మాట ఆమె చేతిరాతే. చివరి అక్షరం దగ్గర మాత్రం గుడి కొట్టేసి ఉంది. దాని పక్కన, ముప్ఫై ఏళ్ళు మోటార్ల మీద రాసిన చేత్తో, దిట్టంగా ఒక కొమ్ము.

"ఏం రాశాడు?" అంది.

ఇచ్చాను. చీటీని ఇరవై రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చదివింది. ఒక్క మాట చదవడానికి పట్టే టైము కన్నా చాలా ఎక్కువ పట్టింది.

"చుట్టాలు" అంది మెల్లగా.

"ఈసారి సరిగ్గానే చదివారా? గుడి కాదు కదా?"

"కొమ్మే." చీటీ విప్పి, కళ్ళజోడుతో పాటు తన జేబులో పెట్టేసుకుంది. "వచ్చే ఆదివారం మీ అన్నయ్యనీ వదిననీ తీసుకురా" అంది. "ఆ రోజైనా అయిదువేల బ్యాటరీ వేసుకుని రా."